ఖరగ్‌పూర్ జాడీలో గుంటూరు కారం, బెంగాల్ ఆవనూనె

ఫాల్గుణ మాసంలో పండుమిరపకాయలు సంతకు వచ్చే రోజుల్లో ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఒకే గంప ముందు రెండు రకాల కొనుగోలుదారులు నిలబడతారు. ఒకరు లావుపాటి కాయలను ఏరి, వాటి పొట్ట చీల్చి, వేయించిన సంబారాలు కూరి, ఆవనూనెలో ఊరబెట్టడానికి కొనుక్కుంటారు. మరొకరు కాయ లావుకంటే తొడిమ పచ్చదనం చూస్తారు, కిలోల లెక్కన తూయిస్తారు, ఆ పక్క కొట్టులోనే చింతపండు, రాళ్ల ఉప్పు అడుగుతారు. మొదటివారి ఇంటి భాష బెంగాలీ లేదా హిందీ, రెండవవారి ఇంటి భాష తెలుగు అయ్యే అవకాశం ఎక్కువ. కాయ ఒక్కటే అయినా ఇల్లు చేరిన తరువాత అది రెండు వేర్వేరు పదార్థాలుగా మారిపోతుంది.

ఈ తేడా తెలుగువారికీ బెంగాలీలకూ మధ్య మాత్రమే ఉన్నదనుకుంటే పొరపాటు. గుంటూరు నుంచి వచ్చిన కోడలు, శ్రీకాకుళం మూలాలున్న అత్తగారు ఒకే రోటి ముందు కూర్చుంటే చాలు, మెంతులు ఎప్పుడు వేయాలి, బెల్లం వేయాలా వద్దా అన్న చర్చ మొదలవుతుంది. ఇటువంటి వాదం తెలుగువారికే ప్రత్యేకమూ కాదు. అమెరికాలో చిలీ అనే పేరుతో వండే మాంసపు కూర విషయంలో టెక్సాస్ వాసులు చిక్కుడు గింజలు వేయడాన్ని ఏమాత్రం అంగీకరించరు. సిన్సినాటీలో దానినే సేమియా వంటి స్పగెట్టీ మీద పోసుకుని తింటారు. ఆ కూరను 1977లో తమ రాష్ట్ర వంటకంగా టెక్సాస్ చట్టసభ ప్రకటించింది కూడా. మిరప వెళ్లిన ప్రతి చోటా జగడాన్ని వెంట తీసుకువెళ్లినట్లే కనిపిస్తుంది.

రైలు తెచ్చిన వంటిల్లు

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్‌లో తెలుగు వంటిళ్లు ఇన్ని ఎందుకున్నాయన్న ప్రశ్నకు సమాధానం రైలు పట్టాల్లో ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పంతొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఈ ప్రాంతాన్ని తన ప్రధాన కూడలిగా ఎంచుకుంది. కటక్ నుంచి వాల్తేరు వరకు గల తూర్పు తీరపు మార్గం 1902లో అదే సంస్థ చేతికి వచ్చింది. దీంతో నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలకు, ఖరగ్‌పూర్ కార్ఖానాకు మధ్య ఒకే యాజమాన్యం కింద ఒకే దారి ఏర్పడింది. కూలీలుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వేలాదిమంది వచ్చి స్థిరపడ్డారు. 1920లలో ఈ రైల్వే కార్మికుల సమ్మెలకు నాయకత్వం వహించిన వరాహగిరి వేంకటగిరి 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు.

నేడు ఆగ్నేయ రైల్వేలో భాగమైన ఈ పట్టణాన్ని బయటివారు చాలాకాలం 1,072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం ద్వారా గుర్తుపెట్టుకున్నారు. 2013లో గోరఖ్‌పూర్, ఆ తరువాత 2023లో హుబ్బళ్లి ఆ ఘనతను తీసుకుపోయాయి. 1951లో పక్కనే హిజ్లీలో ప్రారంభమైన ఐఐటీ మరో గుర్తింపు. మూడవదైన తెలుగు గుర్తింపుకు మాత్రం ప్రభుత్వ ముద్ర ఆలస్యంగా లభించింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం వెనుక ప్రధానంగా ఉన్నది ఖరగ్‌పూర్ తెలుగువారే.

వలస వచ్చినవారిలో అధికులు ఉత్తరాంధ్రవారు కావడం ఈ కథలో కీలకమైన అంశం. గుంటూరు వంటో, కర్నూలు వంటో ముందుగా ఇక్కడికి వచ్చి ఉంటే బెంగాల్‌తో సర్దుబాటు ఇంకా కష్టమై ఉండేది. ఉత్తరాంధ్ర వంటలో ఆవ ఉంది, బెల్లం ఉంది. ఈ రెండూ బెంగాల్ వంటకూ ప్రాణమే.

ఒకే కాయ, అనేక పేర్లు

మిరప మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల ద్వారా పదహారవ శతాబ్దంలో భారత తీరానికి చేరింది. అప్పటివరకు మన వంటల్లో ఘాటుకు ఆధారం మిరియం, పిప్పలి, శొంఠి, ఆవాలు. కొత్తగా వచ్చిన కాయకు తెలుగువారు మిరియం మీదుగానే పేరు పెట్టుకున్నారు. తమిళంలో మిళగు నుంచి మిళగాయ్ వచ్చినట్లే తెలుగులో మిరపకాయ వచ్చింది. బెంగాలీలు, ఒడియావారు మాత్రం లంక అన్నారు. సముద్రం దాటి వచ్చిన వస్తువుకు సముద్రం ఆవలి ద్వీపం పేరు తగిలించడం సహజమే.

రుచికి పెట్టుకున్న పేర్లలో మరింత ఆసక్తికరమైన తేడా ఉంది. తెలుగులో కారం అంటే రుచి, కారం అంటే పొడి కూడా. రుచినీ వస్తువునూ వేరు చేయవలసిన అవసరం తెలుగువారికి కలగలేదు. బెంగాలీలో రుచి ఝాల్, కాయ లంక, పొడి లంకా గుఁడో. చేపల కూరల్లో ఝోల్ అని ఒకటి, ఝాల్ అని ఒకటి ఉన్నాయి. అచ్చు ఒక్కటి మారితే వంటకమే మారిపోతుంది. ఝోల్ పలుచని పులుసు. అందులో నల్లజీలకర్ర తాలింపు, చీల్చిన పచ్చిమిరపకాయలు చాలు. ఝాల్ చిక్కనిది, దాని ఘాటు నూరిన ఆవాలు, పచ్చిమిరప కలిసి ఇచ్చేది. ఎండుమిరప పొడి ఈ రెండింటిలోనూ ప్రధాన పాత్ర కాదు. తెలుగువారు బెంగాలీ వంటను చప్పనిదని అనడం తరచుగా వినిపిస్తుంది. అది సరైన తీర్పు కాదు. బెంగాలీ వంటలో ఘాటు లేకపోలేదు, అది వేరే చోట ఉంది.

నాలుక ఘాటు, ముక్కు ఘాటు

ఈ 'వేరే చోటు'కు శాస్త్రీయమైన వివరణ ఉంది. మిరపలోని ఘాటుకు కారణం కాప్సైసిన్ అనే పదార్థం. అది విత్తనాల్లో ఉంటుందన్నది సాధారణ అపోహ. నిజానికి విత్తనాలు అంటుకుని ఉండే లోపలి తెల్లని ఈనెలలో తయారవుతుంది, విత్తనాలకు అక్కడి నుంచే అంటుతుంది. ఇది సులభంగా ఆవిరి కాదు, నీటిలో కరగదు, నూనెలోనూ కొవ్వులోనూ కరుగుతుంది. కారం మండినప్పుడు నీళ్లు తాగితే ఉపశమనం దొరకకపోవడానికి, పెరుగన్నం తింటే దొరకడానికి కారణం ఇదే. వేడిని గ్రహించే నాడీ గ్రాహకాన్నే కాప్సైసిన్ తాకుతుందని 1997లో డేవిడ్ జూలియస్ బృందం నిరూపించింది. ఆయనకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. కారం 'మండింది' అనే తెలుగు మాట శరీరశాస్త్రం ప్రకారం కూడా అక్షరసత్యమన్నమాట.

ఆవాల ఘాటు స్వభావం ఇందుకు భిన్నం. ఆవగింజ పొడిగా, పగలకుండా ఉన్నంతకాలం అందులో ఘాటు ఉండదు. నీటితో నూరినప్పుడు లోపలి ఎంజైము పనిచేసి అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. అది త్వరగా ఆవిరై ముక్కుకు ఎక్కుతుంది, వేడి తగిలితే తగ్గిపోతుంది. అందుకే తెలుగు వంటలో పనసపొట్టు కూరకు గాని, అరటి కూరకు గాని ఆవ పెట్టేది పొయ్యి మీది నుంచి దించిన తరువాతే. బెంగాలీ గృహిణి ఆవాలు నూరేటప్పుడు పచ్చిమిరపకాయ, ఉప్పు జతచేస్తుంది, లేకపోతే ముద్ద చేదెక్కుతుందని అక్కడి నమ్మకం. ఆవ ఎక్కువైతే చేదు అన్న హెచ్చరిక విజయనగరం వంటిళ్లలోనూ వినిపించేదే. నూరే సాధనం కూడా దాదాపు ఒకటే: తెలుగువారి సన్నికల్లు, బెంగాలీల శిల్‌నోడా అక్కచెల్లెళ్లు.

సీమ నుంచి సిక్కోలు దాకా

తెలుగు నేల మీద మిరపను వండే తీరు ప్రతి వంద కిలోమీటర్లకూ మారుతుంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల కొరివికారాన్ని ముందుగా చెప్పుకోవాలి. పండుమిరపకాయలను కడిగి, తడి ఏమాత్రం లేకుండా తుడిచి, నీడన ఆరబెట్టి, ఆ తరువాతే తొడిమలు తీస్తారు. తొడిమ ముందే తీస్తే కడిగిన నీరు కాయలోకి దిగుతుంది, పచ్చడి పాడవుతుంది. కిలో కాయలకు సుమారు పావు కిలో చింతపండు, దాదాపు అంతే ఉప్పు, కొంచెం పసుపు. కాయలను ఉప్పుతో కచ్చాపచ్చాగా తొక్కి, మధ్యలో చింతపండు పెట్టి జాడీకి ఎత్తుతారు. మూడవ రోజుకు కాయలోని ఊటకు చింతపండు నానుతుంది, అప్పుడు అంతా కలిపి మెత్తగా రుబ్బుతారు. వేయించిన మెంతుల పొడి, వెల్లుల్లి, ఇంగువ తాలింపు జాడీ మొత్తానికి కాకుండా వారానికి సరిపడా తీసుకున్న దానికే పెడతారు. పేరులోనే కొరివి ఉన్న ఈ పచ్చడిని వేడి అన్నంలో నెయ్యి లేకుండా తినడం సాహసమే.

తెలంగాణలో దీనికి పండుమిర్చి తొక్కు అని పేరు. తొక్కడం అన్న క్రియే పదార్థానికి పేరైపోయింది. వరంగల్ ప్రాంతపు చపాటా రకం కాయ టమాటా వలె బుర్రగా, ఎర్రగా ఉంటుంది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. భౌగోళిక గుర్తింపు కూడా దక్కించుకుంది. రాయలసీమలో ఎర్రకారం వేరు. నానబెట్టిన ఎండుమిరప, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరి దోశ మీద పూస్తారు. సంగటిలోకి ఊరుబిండి, అందులో వేరుశనగ ముఖ్యం, మిరప దాని వెనుక నడుస్తుంది. కర్ణాటక సరిహద్దున ముడతలు పడే బ్యాడగి కాయ వాడకం రంగు కోసమే. నెల్లూరు కారం దోశ, గోదావరి జిల్లాల నల్లకారం, ఇంటింటి కరివేపాకు కారం, వెల్లుల్లి కారం వేటికవే ప్రత్యేకం.

ఉత్తరాంధ్రకు వచ్చేసరికి మిరప కొంచెం వెనక్కి తగ్గి ఆవకు, నువ్వులకు, బెల్లానికి చోటిస్తుంది. ఉల్లికారం పెట్టిన కూరలు, తీపి తగిలే పులుసులు ఇక్కడి ముద్ర. గుంటూరువారు ఈ తీపిని పరిహసిస్తారు. కాని ఖరగ్‌పూర్‌లో కూరలో చిటికెడు పంచదార వేసే పొరుగింటివారి మధ్య బతకవలసి వచ్చినప్పుడు పనికివచ్చినది ఆ తీపి తగిలే నాలుకే.

పేదవాడి పొద్దుటి భోజనంలో తేడాలు దాదాపు మాయమవుతాయి. చద్దన్నంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తెలుగు పల్లె అలవాటు. ఒడిశా పఖాళ, బెంగాల్ పాంతా భాత్ కూడా రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నమే. పక్కన ఉల్లి, పచ్చిమిరప లేదా నిప్పుల మీద కాల్చిన ఎండుమిరప. కార్ఖానాకు తెల్లవారుజామున వెళ్లే కార్మికుడికి ఇది ఏ భాషలోనైనా ఒకే అన్నం. మరమరాల సంగతీ ఇంతే. మేదినీపూర్‌లో ముఢీని బజ్జీలతో, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తింటారు. కర్నూలు, అనంతపురం వైపు బొరుగులతో చేసిన ఉగ్గానికి మిరపకాయ బజ్జీ తోడు. విశాఖ సముద్రతీరంలో అమ్మే చిరుతిండి పేరు మూరీ మిక్చర్. ఆ మూరీ బెంగాలీ, ఒడియా మాటే. రైలు మనుషులను ఉత్తరానికి తీసుకువెళితే, మాటలు దక్షిణానికి దిగివచ్చాయి.

వాతావరణం పెట్టే పరీక్ష

ఖరగ్‌పూర్‌లో తెలుగు కారం మారడానికి పొరుగు రుచులకంటే గాలిలోని తేమే పెద్ద కారణం. గుంటూరు పరిసరాల్లో మాఘ, ఫాల్గుణాల్లో మిరప కళ్లాలు ఎర్ర తివాచీల్లా రోజుల తరబడి ఎండలో ఉంటాయి. దక్షిణ బెంగాల్‌లో చైత్రం దాటగానే కాలబైశాఖీ గాలివానలు మొదలవుతాయి. ఉదయమంతా కాసిన ఎండను నమ్మి డాబా మీద ఆరబెట్టిన చల్లమిరపకాయలు సాయంత్రం ఒక్క జల్లుకు తడిసిపోవచ్చు. ఇవి మజ్జిగలో, ఉప్పులో పగలు రాత్రి మార్చి మార్చి ఊరబెట్టి ఎండబెట్టేవి. వరుసగా నాలుగైదు మంచి ఎండలు లేకపోతే లోపల మెత్తగా ఉండిపోయి బూజు పడతాయి. ఆ పైన వర్షాకాలం నాలుగు నెలలు.

బూజును రుచి సమస్యగా మాత్రమే చూడరాదు. సరిగా ఎండని మిరపలో పెరిగే కొన్ని శిలీంధ్రాలు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. దీర్ఘకాలంలో ఇది కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది, వంట వేడికి పూర్తిగా నశించదు. పైపైన బూజు తుడిచి కాయను వాడుకోవడం అందుకే ప్రమాదకరం. ఆహార భద్రతా నిబంధనలు ఎండుమిరపలో తేమ 11 శాతం మించరాదని చెబుతున్నాయి. ఇంట్లో తూచి చూసే వీలు లేకపోయినా పాత పరీక్ష ఒకటి ఉంది: బాగా ఎండిన కాయను ఊపితే గింజలు గలగలలాడాలి, విరిస్తే పుటుక్కుమనాలి, మెత్తగా వంగకూడదు.

నిల్వ పచ్చడి పని మరో విధంగా సాగుతుంది. ఉప్పు కాయలోని నీటిని సూక్ష్మజీవులకు అందకుండా కట్టిపడేస్తుంది, చింతపండు పులుపు వాటి పెరుగుదలను అడ్డుకుంటుంది, పైన తేలే నూనె గాలిని ఆపుతుంది. ఈ మూడింటిలో ఏది తగ్గించినా మిగిలినవి ఆ లోటును పూర్తిగా భర్తీ చేయలేవు. రక్తపోటు కారణంగా ఉప్పు తగ్గించి పచ్చడి పెట్టేవారు దానిని ఫ్రిజ్‌లో ఉంచడం, తక్కువ మొత్తంలో చేసుకోవడం అవసరం. నూనె విషయంలో మాత్రం ఖరగ్‌పూర్ తెలుగు వంటిల్లు రాజీపడవలసి వచ్చింది. తెలుగువారి నువ్వులనూనె, వేరుశనగనూనె స్థానంలో ఇక్కడ ప్రతి కొట్టులో దొరికేది ఆవనూనె. పొగ వచ్చేదాకా కాచి చల్లార్చి పోస్తే దాని ముక్కు ఘాటు చాలావరకు తగ్గి పచ్చడి నిలుస్తుంది. పచ్చిగా పోస్తే జాడీ మూత తీయగానే బెంగాల్ వాసన వస్తుంది. దానిని దోషమని కొందరు అంటారు. ఇక్కడే పుట్టి పెరిగినవారికి అదే అమ్మ చేతి వాసన.

సంచిలోని ఎరుపు

ఇళ్లలో రోకలి శబ్దం తగ్గి పొట్లం కారం వాడకం పెరిగిన కొద్దీ సమస్య స్వరూపం మారింది. 2003లో ఫ్రాన్స్ తనిఖీల్లో భారత్ నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తుల్లో సుడాన్ 1 అనే పారిశ్రామిక రంగు బయటపడింది. దాంతో ఐరోపా సమాఖ్య దిగుమతులపై తనిఖీ పత్రాలు తప్పనిసరి చేసింది. విడిగా అమ్మే కారంలో ఇటుక పొడి, రంపపు పొట్టు, కృత్రిమ రంగులు కలిపే మోసం నేటికీ ఉంది. భారత ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ సూచించిన పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. గ్లాసు నీటిపై కొద్దిగా కారం చల్లాలి. కలిపిన రంగు నీటిలో కరిగేదైతే గీతలు గీతలుగా కిందికి దిగుతుంది. అడుగున చేరిన మడ్డిని వేళ్లతో నలిపితే గరుకుగా తగిలినప్పుడు ఇటుక పొడిని అనుమానించాలి. అయితే సుడాన్ వంటి రంగులు నూనెలోనే కరుగుతాయి కనుక నీటి పరీక్షకు చిక్కవు. వాటిని పట్టుకోగలిగేది ప్రయోగశాలే. కాయలు కొని, ఎండబెట్టి, మిల్లులో కళ్ల ముందే ఆడించుకునే పాత అలవాటుకు ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఆ కాయ ఎక్కడి నుంచి వస్తుందన్నదీ ఖరగ్‌పూర్‌కు సంబంధించినదే. ఆసియాలోకెల్లా పెద్దదిగా పేరొందిన గుంటూరు మిరప యార్డు సరుకు తూర్పు దిశగా సాగే దారి ఇదే తీరం వెంబడి ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం, దానికంటే ఘాటైన తేజ రకాలు తూర్పు రాష్ట్రాలకూ, బంగ్లాదేశ్‌కూ వెళతాయి. కొవిడ్ ఆంక్షల మధ్య 2020 జూలైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు తొలిసారి ప్రత్యేక పార్శిల్ రైలు 384 టన్నుల ఎండుమిరపతో బయలుదేరింది. రోడ్డు మార్గంలో టన్నుకు సుమారు 7,000 రూపాయలు అవుతుండగా రైలులో 4,608 రూపాయలకే చేరిందని రైల్వే శాఖ అప్పట్లో వెల్లడించింది.

సరుకు ఇంత దూరం ప్రయాణించినా పండించినవారికి ధర దక్కుతుందన్న హామీ లేదు. 2025 ఆరంభంలో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించవలసి వచ్చింది. ఎకరాకు కోత కూలీలే పెద్ద ఖర్చయ్యే ఈ పంటలో ఆ ధర గిట్టుబాటు కాదని రైతులు ఆందోళన వ్యక్తం చేశారు. గోల్‌బజార్‌లో కిలో కారం కొనే కుటుంబానికి ఆ తగ్గుదల అంతగా కనిపించదు, పొట్లం మీది ధర అంత వేగంగా దిగిరాదు.

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఉన్నది మూడవ, నాలుగవ తరం. బడిలో బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు చదివే పిల్లల్లో తెలుగు మాట్లాడగలిగినా లిపి చదవలేనివారు ఎందరో. వంట కొలతలు వారికి పుస్తకం ద్వారా అందవు. చారెడు, పిడికెడు, గుప్పెడు, చిటికెడు అన్న మాటల్లో, పెద్దల చేతి పరిమాణంలో అవి నిలిచి ఉన్నాయి. గుప్పెడు ఉప్పు ఎవరి గుప్పెడు అన్నది జాడీ దగ్గర పక్కన నిలబడి చూసినవారికే తెలుస్తుంది. పండుమిరప సంతలో దొరికేది నెలన్నర. అందులో ఉద్యోగస్థులకు కుదిరేది నాలుగైదు ఆదివారాలు. కాలబైశాఖీ మొదలయ్యేలోగా ఆ పని ముగించి, జాడీ మూతికి గుడ్డ కట్టాలి. ఆపైన బెంగాలీ ఇళ్లలో అక్షయ తృతీయ నాటి కాసుంది పనులు, తెలుగు ఇళ్లలో ఆవకాయ పనులు దాదాపు ఒకే వారంలో మొదలవుతాయి, రెండింటికీ పచ్చి మామిడి, ఆవాలు కావాలి కనుక గోల్‌బజార్‌లో ఆవాల ధర మరోసారి పెరుగుతుంది.